స్టిక్కు ఒకరిది, చిప్పు మరొకరిది

ర్యామ్ కొనేటప్పుడు అందరం ముందు చూసేది స్టిక్కరే. కింగ్‌స్టన్ అనో, కోర్సెయిర్ అనో, జీస్కిల్ అనో ఉంటుంది. అసలు విశేషం ఏమిటంటే, వీళ్లెవరికీ మెమరీ చిప్పులు పుట్టించే ఫ్యాక్టరీ లేదు. ఆ పని పెద్ద ఎత్తున చేసేది ముగ్గురే: దక్షిణ కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ప్రపంచంలో అమ్ముడయ్యే సరుకులో చాలా భాగం ఈ ముగ్గురిదే. తైవాన్‌లో నాన్యా, విన్‌బాండ్, చైనాలో సీఎక్స్‌ఎమ్‌టీ వీళ్ల తర్వాతి వరసలో ఉన్నాయి. బియ్యం బస్తా మీద మిల్లు బ్రాండు ఉంటుంది గానీ లోపలి గింజలు ఏ ఊరి చేలో పండాయో ఉండదు. ర్యామ్ సంగతీ అంతే. తేడా అల్లా ఒక్కటే, ఇక్కడ గింజ మీదే ఊరి పేరు రాసి ఉంటుంది. చదవడం తెలియాలి.

మన బంటుమిల్లిలో ఫీడు షాపు బిల్లింగ్ కంప్యూటరుకైనా, ఇంజినీరింగ్ చదివే పిల్లల పాత ల్యాప్‌టాప్‌కైనా ర్యామ్ కావాలంటే బందరో, గుడివాడో, బెజవాడో చూసేవాళ్లే ఎక్కువ. లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. సెకండ్‌హ్యాండ్ స్టిక్కు తీసుకునేవాళ్లూ తక్కువేం కాదు. అంత దూరం పోయి డబ్బు పెట్టి కొన్నది ఎవరి సరుకో తెలుసుకోవడం మన హక్కు. అది తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. సెల్‌ఫోన్ టార్చి ఒకటి ఉంటే సగం పని అయిపోతుంది.

★

స్టిక్కును చేతిలోకి తీసుకుని టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. నల్లటి చిప్పు మీద బూడిదరంగు అక్షరాలు అప్పుడు తేలతాయి. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పెద్దది చేసి చూడొచ్చు.

మొదటి వరసలో ‘ఎస్ఈసీ’ అని ఇంగ్లీషు అక్షరాలుంటే అది శామ్‌సంగ్. శామ్‌సంగ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీకి పొడి అక్షరాలవి. పక్కనే మూడంకెలు ఉంటాయి, 916 లాంటివి. మొదటి అంకె సంవత్సరం, మిగతా రెండూ వారం. అంటే 2019లో 16వ వారం. కింద వరస ‘కె4’తో మొదలవుతుంది. ఆ తర్వాతి అక్షరం తరాన్ని చెబుతుంది: ‘కె4బి’ అయితే డీడీఆర్3, ‘కె4ఎ’ అయితే డీడీఆర్4.

హైనిక్స్ చిప్పు మీద కంపెనీ పేరే ఉంటుంది, కోడు ‘హెచ్5’తో మొదలవుతుంది. ‘హెచ్5టీ’ డీడీఆర్3, ‘హెచ్5ఏఎన్’ డీడీఆర్4, ‘హెచ్5సీజీ’ డీడీఆర్5. పాత చిప్పుల మీద ‘హెచ్‌వై’ కనిపిస్తుంది. అది హ్యుందాయ్ రోజుల గుర్తు. కార్ల హ్యుందాయ్ కుటుంబంలోని ఎలక్ట్రానిక్స్ సంస్థే 1999లో ఎల్‌జీ వారి చిప్పుల విభాగాన్ని కలుపుకుంది, 2001లో హైనిక్స్ అని పేరు మార్చుకుంది, 2012లో ఎస్‌కే గ్రూపు చేతిలోకి వెళ్లింది.

మైక్రాన్ దగ్గరే కొంచెం తిరకాసు. వీళ్ల అసలు పార్టు నంబరు ‘ఎమ్‌టీ’తో మొదలయ్యే పొడుగాటి కోడు. అంత పొడుగు చిన్న చిప్పు మీద పట్టదు. అందుకని ‘డి9’తో మొదలయ్యే ఐదక్షరాల పొట్టి కోడు వేస్తారు. దాన్ని మైక్రాన్ వెబ్‌సైటులో కొడితే పూర్తి నంబరు బయటికొస్తుంది. ముగ్గురిలోనూ తన చిప్పుల కోడు విప్పుకునే దారిని ఇంత సులువుగా అందరికీ తెరిచిపెట్టింది మైక్రానే. ఈ విషయంలో దాన్ని మెచ్చుకోవాలి.

ఇక నాన్యా వాళ్ల కోడు ‘ఎన్‌టీ’తో మొదలవుతుంది.

★

కొన్నిసార్లు చిప్పు మీద కింగ్‌స్టన్ పేరే ఉంటుంది. కంగారు పడొద్దు. 1987లో అమెరికాలో జాన్ టూ, డేవిడ్ సన్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ఈ సంస్థ ర్యామ్ స్టిక్కులు కూర్చి అమ్మేవాళ్లలో అందరికన్నా పెద్దది. కొన్ని చిప్పులకు తన పేరే అచ్చువేయించుకుంటుంది. లోపలి సిలికాన్ మాత్రం వేరేవాళ్లదే. అలాంటప్పుడు చిప్పు ముఖం చూసి తేల్చలేం, స్టిక్కు లోపలి రికార్డు చదవాలి. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

★

శామ్‌సంగ్ తానే తయారుచేసిన ల్యాప్‌టాప్ స్టిక్కు ఒకటి తీసుకుందాం. లేబుల్ మీద ‘8జీబీ 1ఆర్‌ఎక్స్8 పీసీ4-2666వి’ అని ఒక వరస, కింద ‘ఎమ్471ఎ1కె43సీబీ1-సీటీడీ’ అని ఇంకో వరస ఉన్నాయనుకోండి. చూడగానే గజిబిజిగా ఉంటుంది గానీ ఇందులో ఒక్క అక్షరం కూడా ఊరికే వెయ్యలేదు. ‘ఎమ్471’ అంటే ల్యాప్‌టాప్‌లో పెట్టే పొట్టి రకం, డెస్క్‌టాప్‌ది అయితే ‘ఎమ్378’ ఉండేది. వెంటనే ఉన్న ‘ఎ’ డీడీఆర్4 అని చెబుతుంది. ‘43’ తర్వాత వచ్చిన ‘సీ’ అక్షరం చిప్పు డిజైన్ ఎన్నో కూర్పో తెలుపుతుంది. చివరి ‘సీటీడీ’ 2666 వేగానికి గుర్తు. పై వరసలో ‘1ఆర్‌ఎక్స్8’ చూస్తే చిప్పులు లెక్కపెట్టకుండానే సంఖ్య చెప్పేయొచ్చు. ప్రాసెసర్ ఒక్కసారి అడిగేది 64 బిట్లు, ఒక్కో చిప్పు ఇచ్చేది 8. కాబట్టి 8 చిప్పులు. తొమ్మిదో చిప్పు కనిపిస్తే అది సర్వర్లలో వాడే, తప్పులు సరిదిద్దే రకం. మామూలు ఇంటి కంప్యూటరుకని ఎవరైనా అది అంటగడితే జాగ్రత్త.

హైనిక్స్ స్టిక్కు లేబుల్ డీడీఆర్3కి ‘హెచ్‌ఎమ్‌టీ’తోనూ, డీడీఆర్4కి ‘హెచ్‌ఎమ్‌ఏ’తోనూ, డీడీఆర్5కి ‘హెచ్‌ఎమ్‌సీ’తోనూ మొదలవుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీలు తమ మిషన్లలో బిగించి పంపేవి చాలావరకు ఇలాంటి స్టిక్కులే. వీటిలో స్టిక్కూ చిప్పూ ఒకే ఇంటివి. నన్నడిగితే, పాత ల్యాప్‌టాప్ విప్పి తీసిన అసలు శామ్‌సంగ్, హైనిక్స్ స్టిక్కు రంగురంగుల డబ్బాలో వచ్చే పేరు తెలియని కొత్త స్టిక్కు కంటే నయం.

★

చూడ్డానికి పనికిమాలినదిలా కనిపించే గింజంత చిప్పు ఒకటి ప్రతి స్టిక్కు మధ్యలోనూ ఉంటుంది. దాని పేరు ఎస్‌పీడీ. స్టిక్కు జాతకమంతా అందులోనే ఉంటుంది: ఎంత సైజు, ఎంత వేగం, ఎవరు కూర్చారు, చిప్పులు ఎవరివి. డీడీఆర్3లో దాని సైజు 256 బైట్లు, డీడీఆర్4లో 512, డీడీఆర్5లో 1024. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే దాన్ని నిద్రలేపే బయోస్ ప్రోగ్రాం ముందుగా దీన్నే పలకరించి, ఆ వివరాల ప్రకారం ర్యామ్‌ను నడుపుతుంది.

డీడీఆర్4 ఎస్‌పీడీలో 320, 321 బైట్లలో స్టిక్కు కూర్చినవారి నంబరు, 350, 351 బైట్లలో చిప్పు చేసినవారి నంబరు వేరువేరుగా రాస్తారు. అంటే స్టిక్కూ చిప్పూ ఒకరివి కాకపోవచ్చని ప్రమాణాలు రాసినవాళ్లే ముందుగా ఊహించి, ఇద్దరికీ చెరో గది కేటాయించారన్నమాట.

ఆ నంబర్లు ఎవరిస్తారు? జెడెక్ అనే ప్రమాణాల సంస్థ. ప్రపంచంలోని చిప్పు కంపెనీలన్నిటికీ అది ఒక పట్టీ నడుపుతుంది. ఒక్కో పేజీకి 126 పేర్లు, పేజీ నిండితే కొత్త పేజీ. మొదటి పేజీలో 1వ నంబరు ఏఎమ్‌డీది, 9వది ఇంటెల్‌ది. మైక్రాన్‌ది 44, హైనిక్స్‌ది 45. అంటే మార్కెట్లో హోరాహోరీగా పోటీపడే ఈ ఇద్దరూ పట్టీలో పక్కపక్కనే ఉన్నారు. శామ్‌సంగ్‌ది 78. తప్పులు పట్టుకోవడానికి ఒక అదనపు బిట్టు కలిపి రాయడం వల్ల కంప్యూటర్ తెర మీద ఇవి కాస్త వేషం మారి కనిపిస్తాయి. ‘80సీఈ’ అని వస్తే శామ్‌సంగ్, ‘80ఏడీ’ హైనిక్స్, ‘802సీ’ మైక్రాన్. కింగ్‌స్టన్ రెండో పేజీలో ఉంది కాబట్టి ‘0198’ అని వస్తుంది. తయారీదారు పేరు ఉండాల్సినచోట ఈ అంకెలే కనపడి తెల్లబోయేవాళ్లు చాలామంది. ఈ నాలుగూ ఒక కాయితం మీద రాసుకుని గోడకు అంటించుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

★

విండోస్ టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ వేగం, ఎన్ని స్లాట్లు నిండాయన్నది తెలుస్తుంది గానీ తయారీదారు పేరు ఉండదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని ఎస్‌పీడీ అన్న ట్యాబు నొక్కితే, స్టిక్కు తయారీదారు ఒక గడిలో, డీర్యామ్, అంటే చిప్పు, తయారీదారు ఇంకో గడిలో కనిపిస్తాయి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో కూడా ఇదే చెబుతుంది. లినక్స్ వాడేవాళ్లకు డీకోడ్-డిమ్స్ ఉంది.

అయితే ఎస్‌పీడీలో రాత చెరిపి మళ్లీ రాయొచ్చు. నకిలీ సరుకు చేసేవాళ్ల ఆయువుపట్టు ఇక్కడే ఉంది. పాత చిప్పుల ముఖం గీకి, కొత్త అక్షరాలు వేసి, ఎస్‌పీడీలో ఎక్కువ వేగం రాసి అమ్ముతారు. అందుకే ప్రోగ్రాం చెప్పిందీ చిప్పు ముఖం మీద ఉన్నదీ రెండూ సరిపోలాలి. అసలు చిప్పుల మీద అక్షరాలు సాధారణంగా లేజర్‌తో చెక్కుతారు. దూదికి స్పిరిట్ అద్ది తుడిస్తే అవి చెదరవు, సిరాతో అచ్చువేసినవి మసకబారతాయి. ఒకే స్టిక్కులోని ఎనిమిది చిప్పుల మీదా వారం నంబర్లు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 2015ది, పక్కది 2019ది అయితే ఎక్కడెక్కడివో పోగేసి అతికించారని అర్థం. ధరలు పెరిగిన ప్రతిసారీ ఈ మోసాలూ పెరుగుతాయి.

★

గేమింగ్ ర్యాముల మీద అల్యూమినియం రేకు తొడుగు ఉంటుంది. అది పీకితే వారంటీ పోతుంది, ఒక్కోసారి రేకుతో పాటు చిప్పు కూడా ఊడొస్తుంది. కోర్సెయిర్ వాడేవాళ్లకు ఒక దారి ఉంది. లేబుల్ మీద ‘వెర్’ అని ఇంగ్లీషులో ఉండి పక్కన ఒక నంబరు ఉంటుంది. చుక్కకు ముందున్న అంకె 3 అయితే మైక్రాన్, 4 అయితే శామ్‌సంగ్, 5 అయితే హైనిక్స్. ఒకే మోడల్, ఒకే డబ్బా, ఒకే ధర. కానీ ఈ నెల వచ్చినదాంట్లో శామ్‌సంగ్, పై నెల వచ్చినదాంట్లో హైనిక్స్ ఉండొచ్చు. ఆ నంబరు ఒక్కటే తేడా చెబుతుంది.

★

‘ఏ కంపెనీ చిప్పయితే ఏంటి?’ అనేవాళ్లకు 2017 నాటి ముచ్చట ఒకటి ఉంది. ఆ ఏడు ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లు వచ్చాయి. ర్యామ్ వేగం పెరిగితే అవి చురుగ్గా నడిచేవి, కానీ ఏ ర్యామ్ పడితే అది ఆ వేగాన్ని తట్టుకునేది కాదు. శామ్‌సంగ్ 8 గిగాబిట్ చిప్పుల్లో ‘బీ’ కూర్పు మాత్రం తట్టుకుంది. కోడులో ‘డబ్ల్యూ’ పక్కన ‘బీ’ అక్షరం ఉన్న ఆ చిప్పు కోసం జనం ప్రపంచమంతటా వెతికారు. ఏ కంపెనీ స్టిక్కులో అది ఉందో పట్టికలు రాసుకుని పంచుకున్నారు. 2019లో శామ్‌సంగ్ దాన్ని ఆపేస్తున్నానని చెప్పాక కూడా సెకండ్‌హ్యాండ్‌లో దానికి గిరాకీ తగ్గలేదు.

మామూలు వాడకానికి అంత వెతుకులాట అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న స్టిక్కుకు తోడుగా ఇంకోటి వెయ్యాలనుకున్నప్పుడు మాత్రం ఉన్నది ఎవరిదో, ఎంత వేగమో చూసి అలాంటిదే తెచ్చుకుంటే గొడవ ఉండదు. వేరే కంపెనీదైనా చాలావరకు పనిచేస్తుంది, కాకపోతే రెండిట్లో నెమ్మదైనదాని వేగానికే రెండూ దిగుతాయి.

★

8 జీబీ స్టిక్కులో దాదాపు 6,872 కోట్ల బిట్లు ఉంటాయి. ఒక్కో బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, చార్జి దాచే ఒక కెపాసిటరు. ఆ చార్జి ఊరికే కారిపోతూ ఉంటుంది కాబట్టి కనీసం 64 మిల్లీసెకన్లకు ఒకసారైనా అన్నిటినీ మళ్లీ నింపుతూ ఉండాలి. అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైగా! ఈ ఉపాయం ఐబీఎమ్‌లో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌ది. 1968లో పేటెంటు వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. మన జేబులో ఫోన్, మేజా మీద కంప్యూటర్ అన్నీ ఆయన ఆలోచన మీదే నడుస్తున్నాయి. అయినా ఆయన పేరు మన పిల్లలకు పాఠంలో ఎక్కడా తగలకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ రోజుల్లో మనవాళ్లేం చేస్తున్నారంటే, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు గారిది భీమవరం దగ్గర మోగల్లు, మన పక్క జిల్లా. ఆ సంస్థ చేసిన 1969 నాటి టీడీసీ-12 కంప్యూటర్‌లో జ్ఞాపకశక్తి అంతా సన్నని తీగలకు గుచ్చిన అయస్కాంతపు పూసలదే. 1970లో ఇంటెల్ 1103 అనే 1 కిలోబిట్ చిప్పు అమ్మకానికి వచ్చాక ఆ పూసల కాలం ముగిసిపోయింది. అంత గొప్పగా మొదలుపెట్టిన ఇంటెల్ కూడా జపాను వాళ్ల పోటీ తట్టుకోలేక 1985లో ఈ వ్యాపారం వదిలేసింది.

★

పాత స్టిక్కుల కుప్పలో ఇప్పుడు లేని కంపెనీల పేర్లు దొరుకుతాయి. కిమోండా: జర్మనీ ఇన్ఫినియాన్ నుంచి 2006లో విడిపోయింది, 2009లో దివాలా తీసింది. ఎల్పిడా: జపాను హిటాచీ, ఎన్‌ఈసీ కలిసి పెట్టినది, 2012లో దివాలా, 2013లో మైక్రాన్ కొనేసింది. ఈ పేర్లున్న స్టిక్కులు ఇంకా చాలాచోట్ల నడుస్తూనే ఉన్నాయి.

మైక్రాన్‌కు క్రూషియల్ అనే సొంత స్టిక్కుల బ్రాండు ఉండేది. చిప్పూ స్టిక్కూ ఒకరివే కావాలనుకునే మామూలు కొనుగోలుదారుకు అది తిన్నని దారి. 2025 డిసెంబరులో ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ప్రకటించింది, సరఫరా 2026 ఫిబ్రవరి వరకే అని చెప్పింది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ ముందు మనలాంటి చిల్లర ఖాతాదారులు ఆనలేదు.

★

చిప్పు పైన నల్లగా కనిపించేది ఎపాక్సీ రెసిన్ తొడుగు. 1993 జులై 4న జపానులోని నీహామాలో సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీ పేలింది. చిప్పులకు వాడే ఆ రెసిన్‌లో సగానికి పైగా అక్కడే తయారయ్యేది. ప్రపంచమంతా ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. అంతకుముందు 1978లో ఇంటెల్ ఇంజినీర్లు మే, వుడ్స్ తొడుగుల గురించే ఇంకో వింత బయటపెట్టారు. అప్పటి పింగాణి తొడుగుల మట్టిలో అణువంత యురేనియం కలిసినా చాలు, దాన్నుంచి వెలువడే రేణువులు తగిలి బిట్లు తారుమారైపోతాయి. ఆ తొడుగుల ఫ్యాక్టరీ ఒక పాత యురేనియం మిల్లుకు దిగువన నది ఒడ్డున ఉండటమే యురేనియం కలవడానికి కారణం.

★

2014లో యూంగు కిమ్, ఓనుర్ ముత్లు అనే పరిశోధకుల బృందం 129 ర్యామ్ స్టిక్కులు పరీక్షించింది. చిప్పు లోపల ఒకే వరస బిట్లను పదేపదే చదువుతూ పోతే పక్క వరసలోని బిట్లు తిరగబడతాయని తేల్చారు. 129లో 110 స్టిక్కులు ఈ పరీక్షకు లొంగిపోయాయి. దీనికి రోహామర్ అని పేరు. చిప్పులు చేసిన ముగ్గురి పేర్లూ వాళ్ల పరిశోధన వ్యాసంలో లేవు. ఎ, బి, సి అని మాత్రమే రాశారు. వాడేవాళ్లకు ఎవరి చిప్పు ఎంత భద్రమో తెలియాల్సిన చోట తెర వేయడం నాకు నచ్చలేదు.

ఈ వ్యాపారంలో చీకటి కోణం ఇదొక్కటే కాదు. కుమ్మక్కై ధరలు పెంచారని అమెరికా ప్రభుత్వం వేసిన కేసులో ఇన్ఫినియాన్ 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్లు, శామ్‌సంగ్ 30 కోట్లు జరిమానా కట్టాయి. ఇది 2004, 2005 నాటి మాట.

★

ర్యామ్ స్టిక్కు అంచున పచ్చగా మెరిసే పిన్నుల మీద ఉన్నది నిజం బంగారమే. రాగి మీద నికెల్, దాని మీద బంగారం. మంచి స్టిక్కుల మీద ఆ పూత మందం 30 మైక్రో ఇంచులు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు కూడా లేదు. బంగారు పూత విలువ బందరు వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. చిలకలపూడి కవరింగ్ నగలు దేశమంతా పోయేది, పోతేపల్లిలో నగల పార్కు వెలిసింది ఈ పూత పని మీదే. పూత పలచనైతే లోపలి లోహం చెమటకు, ఉప్పుకు నల్లబడుతుందని అక్కడి పనివాళ్లందరికీ తెలుసు. ర్యామ్ పిన్నులకూ అదే జరుగుతుంది. పూతలోని సన్నటి రంధ్రాల్లోంచి తేమ దిగి, కింది లోహం తుప్పు పైకి పాకుతుంది.

బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు సముద్రపు గాలి, చుట్టూ చెరువుల తేమ. ‘డిస్‌ప్లే రావట్లేదు’ అని తెచ్చిన సీపీయూ విప్పి, ర్యామ్ తీసి, పిన్నులు ఎరేజర్‌తో రుద్ది మళ్లీ బిగిస్తే టక్కున ఆన్ కావడం ఇక్కడ అందరూ చూసినదే. ఆ చిట్కా పనిచేస్తుంది. కానీ రుద్దిన ప్రతిసారీ కొంత బంగారం ఎరేజర్‌తో పోతుంది. దాని బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టడం మేలు. కరెంటు తీసేసి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా విడదీసి, ముందుగా క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, అప్పుడే స్టిక్కును అంచులు పట్టుకుని తియ్యాలి. స్టాటిక్ కరెంటు బెడద పొడిగాలి ఉన్నచోట ఎక్కువ, మన తేమగాలిలో తక్కువ. అయినా ఆ జాగ్రత్త మానకూడదు.

★

చిప్పు మీదో లేబుల్ మీదో కొరియా, చైనా, తైవాన్, ఫిలిప్పీన్స్ అని దేశం పేరు ఉంటుంది. అది సాధారణంగా చిప్పును తొడుగులో పెట్టిన చోటు, లేదా స్టిక్కు కూర్చిన చోటు. సిలికాన్ పుట్టిన చోటు వేరే కావచ్చు. ఎస్‌కే హైనిక్స్ కొరియా కంపెనీయే గానీ దాని పెద్ద ఫ్యాక్టరీ ఒకటి చైనాలో వూషీలో ఉంది. మైక్రాన్ అమెరికా కంపెనీ అయినా జపాను హిరోషిమాలో, తైవాన్‌లో చిప్పులు చేస్తుంది.

మైక్రాన్ 2019లో హైదరాబాదులో డిజైన్, ఇంజినీరింగ్ కేంద్రం తెరిచింది. గుజరాత్ సాణంద్‌లో ఆ కంపెనీ ఫ్యాక్టరీకి 2023లో కేంద్రం ఒప్పుకుంది. అక్కడ చేసేది బయట తయారైన సిలికాన్ పలకలను కోసి, తొడుగులో పెట్టి, పరీక్షించే పని. మన రాష్ట్రానికి కూడా అలాంటి తొడుగుల ఫ్యాక్టరీ ఒకటి, కొరియా సంస్థ సాయంతో ఏఎస్‌ఐపీ కంపెనీ పెట్టేది, 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మంజూరు చేసింది. ఏటా 9.6 కోట్ల చిప్పులు అన్నది లక్ష్యం. ఇలాంటి చోట తొడిగిన చిప్పు మీద ఇండియా పేరు కనిపించినా, పక్కనున్న కోడు మాత్రం సిలికాన్ ఎవరిదో వాళ్ల పేరే చెబుతుంది.